పచ్చ రంగు పాఠాలు

పసికందుల కామెర్లను గుర్తించడం నర్సింగ్ విద్యార్థులకు వీడియోలు బాగానే నేర్పుతున్నాయి. కంటిని ఎప్పుడు నమ్మకూడదో కూడా నేర్పితేనే ఆ పాఠం పూర్తవుతుంది

పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. పురిటి గదిలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ పచ్చబడేది బిడ్డ. ఆ సంగతి కనిపించనిది చుట్టూ ఉన్నవాళ్లకు. గాలి తగలకూడదని కిటికీలు మూసేస్తారు. వెలుతురు అంతంతమాత్రం. నలుగు పిండిలో పసుపు ఉంటుంది. కళ్లకు కాటుక సరేసరి. అన్నింటినీ మించి, తెలుగులో పచ్చ అంటే ఆకు రంగూ కావచ్చు, పసుపు రంగూ కావచ్చు, మేలిమి ఛాయా కావచ్చు. బిడ్డ పసిమి ఛాయతో మెరిసిపోతోందని మురిసిపోయే అమ్మమ్మలకు ఈ దేశంలో కొదవ లేదు.

ఈ మురిపెంలో తప్పేమీ లేదు, నూటికి తొంభై సార్లు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో 60 శాతం మందికి, నెలలు నిండకుండా పుట్టినవారిలో 80 శాతం మందికి మొదటి వారంలో ఎంతో కొంత కామెర్లు కనిపిస్తాయి. చాలామందిలో అవి ఏ మందూ లేకుండానే పోతాయి. చిక్కంతా మిగిలిన కొద్దిమందితోనే. వారి విషయంలో ఒకటి రెండు రోజుల ఆలస్యమైనా బిడ్డ వినికిడి శక్తికో, నడకకో, ఏకంగా ప్రాణానికో ముప్పు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వినోద్ భుటానీ తదితరులు 2013లో ప్రచురించిన అంచనా ప్రకారం 2010లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.8 లక్షల మంది శిశువుల్లో కామెర్లు అత్యంత తీవ్ర స్థాయికి చేరాయి. వారిలో 1.14 లక్షల మంది చనిపోయారు. 63,000 మందికి పైగా మెదడు దెబ్బతిని బతికారు. సకాలంలో గుర్తిస్తే నీలి కాంతితో నయమయ్యే జబ్బుకు ఇంత మూల్యం చెల్లించాల్సి రావడమే విషాదం.

గుర్తించాల్సింది ఎవరు? డాక్టరు రౌండ్స్‌కు వచ్చేది రోజుకు ఒకటి రెండు సార్లు. బిడ్డ పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సు. మన దేశంలో ఏటా 2 కోట్లకు పైగా కాన్పులు జరుగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వాటిలో 88.6 శాతం ఆస్పత్రుల్లోనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనైతే ఆ వాటా 96 శాతం దాటింది. అంటే ఈ రెండు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి బిడ్డా ఏదో ఒక నర్సు కంటి ముందు నుంచే ఇంటికి వెళుతోంది. ఆ కంటికి శిక్షణ ఇచ్చే పని ఇప్పుడు కొంతవరకు వీడియో పాఠాల చేతికి వచ్చింది. అవి ఎంతవరకు నేర్పగలవు? ఎక్కడ ఆగిపోతాయి?

సిస్టర్ చూసిన త్రికోణం

నవజాత శిశువుల కామెర్ల చరిత్రలో అతి ముఖ్యమైన పరిశీలన చేసింది డాక్టరు కాదు, నర్సు. 1956 వేసవిలో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ ప్రాంతంలో, రాచ్‌ఫర్డ్ జనరల్ ఆస్పత్రిలో నెలలు నిండని పిల్లల వార్డుకు సిస్టర్ జీన్ వార్డ్ బాధ్యురాలు. గాలీ ఎండా పిల్లలకు మంచివని ఆమె నమ్మకం. వాతావరణం బాగున్న రోజుల్లో పిల్లలను ఆవరణలోకి తీసుకెళ్లేది. ఓ రోజు వార్డుకు వచ్చిన డాక్టర్లకు ఒక బిడ్డను చూపించింది. ఒళ్లంతా పాలిపోయి ఉండగా ఒక్కచోట మాత్రం త్రికోణాకారంలో చర్మం ముదురు పసుపు రంగులో ఉంది. ఆమె ఏదో మందు పూసిందేమోనని డాక్టరు అనుమానించారు. నిజానికి పసుపుగా ఉన్నది దుప్పటి కొస కప్పిన భాగం. బిడ్డకు కామెర్లు ఉన్నాయి. ఎండ తగిలిన చోటల్లా పసుపు రంగు విరిగిపోయింది.

అదే ఆస్పత్రిలో కొద్ది వారాల తర్వాత, కామెర్ల బిడ్డ నుంచి తీసిన రక్తం గొట్టం కిటికీ పక్కన ఎండలో ఉండిపోయింది. పరీక్షిస్తే బిలిరుబిన్ ఊహించినదానికన్నా బాగా తక్కువగా వచ్చింది. ఈ రెండు సంఘటనలను కలిపి ఆలోచించిన ఆర్.జె. క్రీమర్, ఆయన సహచరులు కాంతితో చికిత్స చేసే యంత్రాన్ని తయారు చేసి 1958లో 'లాన్సెట్' పత్రికలో వివరాలు ప్రచురించారు. ప్రపంచమంతటా నవజాత శిశువుల వార్డుల్లో వెలిగే నీలి దీపాల మూలం అదే. మన దేశంలో 2003లో పశ్చిమబెంగాల్‌లోని పురూలియాలో మొదలై, ఇప్పుడు 900కు పైగా ఉన్న ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రాల్లోనూ వెలిగేది ఆ దీపాలే.

సిస్టర్ వార్డ్‌కు ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. బిడ్డను బట్టలు విప్పి, పగటి వెలుతురులో, పక్కపక్కనే ఉన్న రెండు రంగులను పోల్చి చూడటం వల్లే అది బయటపడింది. వీడియో పాఠానికైనా, తరగతి పాఠానికైనా ఇదే గీటురాయి.

తెర మీద తరగతి

పుస్తకంలో కామెర్ల పాఠం ఇలా ఉంటుంది: గర్భంలో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువ. పుట్టాక అవి విరిగిపోతాయి. అందులోంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. దాన్ని మార్చి బయటికి పంపే శక్తి పసి కాలేయానికి ఇంకా పూర్తిగా రాదు. అందుకే అది రక్తంలో పేరుకుని చర్మంలోకి చేరుతుంది. మోతాదు మించితే మెదడులోకీ చేరుతుంది. దీన్ని బట్టీపట్టి పరీక్షలో రాయవచ్చు. కానీ ఆ బిలిరుబిన్ మెదడును తాకడం మొదలైనప్పుడు బిడ్డ ఎలా ఉంటుందో రాతలో చెప్పడం కష్టం. మొదట మందకొడిగా మారుతుంది. రొమ్ము నోట్లో పెట్టినా రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. ఒళ్లు పట్టు తప్పుతుంది. తర్వాత అందుకు విరుద్ధంగా వీపు విల్లులా వంగుతుంది, ఏడుపు కీచుగా మారుతుంది. ఈ మార్పు ఒక ఫొటోలో దొరకదు. కదలికలో, శబ్దంలో, వరుసలో దొరుకుతుంది. వీడియో బలం అక్కడే.

మరో లాభం కూడా ఉంది. క్లినికల్ పోస్టింగ్‌లో ఒకే ఊయల చుట్టూ పది మంది విద్యార్థులు మూగితే వెనక నిల్చున్నవారికి బిడ్డ కనిపించదు, సిస్టర్ వీపే కనిపిస్తుంది. పోస్టింగ్ జరిగే వారంలో తీవ్రమైన కామెర్ల కేసు రావాలన్న నియమమూ లేదు. వస్తే అందరూ ఆ బిడ్డను తాకడం మంచిదీ కాదు. వీడియోను ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, పడుకునే ముందు సెల్‌ఫోన్‌లో మళ్లీ చూసుకోవచ్చు.

తెర మీద పాఠాలు మనకు కొత్తేమీ కాదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేసిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నవజాత శిశు సంరక్షణ విషయానికొస్తే ఢిల్లీలోని ఎయిమ్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రంగా, డాక్టర్లకూ నర్సులకూ వీడియోలతో కూడిన పాఠ్యాంశాలను రూపొందించింది. అమెరికాకు చెందిన గ్లోబల్ హెల్త్ మీడియా ప్రాజెక్ట్ నవజాత శిశువుల్లో ప్రమాద సూచికలపై చిత్రాలు తీసింది. వాటిని స్టూడియో సెట్టింగుల్లో కాకుండా వసతులు తక్కువగా ఉన్న నిజమైన ఆస్పత్రుల్లో చిత్రీకరించడం విశేషం. డెన్మార్క్‌కు చెందిన మెటర్నిటీ ఫౌండేషన్ తయారు చేసిన 'సేఫ్ డెలివరీ' యాప్ యానిమేషన్ పాఠాలను భారత నర్సింగ్ మండలి తన సవరించిన బి.ఎస్‌సి. సిలబస్‌లో చేర్చింది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ కాలేజీలను మూయించినప్పుడైతే వీడియో ఒక్కటే తరగతి గది అయింది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ కామెర్ల పాఠంలో మిగతా పాఠాలకు లేని ఇబ్బంది ఒకటుంది. ఊపిరి అందని బిడ్డకు మాస్కు ఎలా పెట్టాలో నేర్పే వీడియోలో రంగు తేడా వచ్చినా నష్టం లేదు. కామెర్ల వీడియోలో ముఖ్య పాత్ర రంగుదే.

కెమెరా చేసే దిద్దుబాటు

సెల్‌ఫోన్ కెమెరాకు ఒక గుణం ఉంది. దృశ్యంలో పసుపు ఎక్కువైందనిపిస్తే అది దీపకాంతి ప్రభావమని భావించి తనంతట తానే దిద్దేస్తుంది. పెళ్లి ఫొటోలకు ఇది వరమే. కామెర్ల బిడ్డను చిత్రీకరించేటప్పుడు మాత్రం రోగ లక్షణాన్నే చెరిపేసే ప్రమాదం ఉంది. చూసేవారి వైపు ఇబ్బందులు మరికొన్ని. రాత్రిళ్లు కళ్లకు శ్రమ తగ్గించేందుకు ఫోన్‌లో పెట్టుకునే సెట్టింగు తెరనంతా పసుపుగా మారుస్తుంది. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకూ కామెర్లు ఉన్నట్లే కనిపిస్తుంది. వెలిసిపోయిన ప్రొజెక్టర్‌లో అసలు కామెర్లే మాయమవుతాయి. ఒకే వీడియో, ముప్పై ఫోన్లు, ముప్పై రంగులు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. ఫోన్ కెమెరాతో బిలిరుబిన్ అంచనా వేసే 'బిలికామ్' యాప్‌ను వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2014లో ప్రకటించినప్పుడు, ఫొటో తీసే ముందు బిడ్డ ఛాతీపై రంగుల గళ్లున్న ఒక చిన్న కార్డు పెట్టాలన్నది నిబంధన. ఆ కార్డు అసలు రంగులు యాప్‌కు తెలుసు కాబట్టి, ఫొటోలో అవి ఎంత మారాయో చూసి లెక్క సరిచేసుకుంటుంది. కంప్యూటర్‌కే కొలబద్ద కావాల్సి వచ్చిన చోట, రెండో సంవత్సరం విద్యార్థి కంటికి అది లేకుండా ఎలా? అయినా శిశువు పక్కన రంగుల కార్డు పెట్టి తీసిన బోధనా వీడియోలు అరుదు.

రెండో చిక్కు చర్మం రంగు. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లోని కామెర్ల ఫొటోలు ఎక్కువగా తెల్ల పిల్లలవి. వారి చర్మంపై పసుపు ఇట్టే కనిపిస్తుంది. చామనఛాయ బిడ్డలో అంత తేలిగ్గా కనిపించదు. వేలితో చర్మాన్ని సున్నితంగా నొక్కి, రక్తం పక్కకు జరిగిన క్షణంలో కనిపించే రంగు చూడాలి. కళ్లలోని తెల్లభాగం, చిగుళ్లు చూడాలి. ఈ సమస్య కేవలం మనదే కాదు. బ్రిటన్‌లో జాతి, ఆరోగ్య అంశాలను పరిశీలించే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థ ఒకటి 2023లో విడుదల చేసిన నివేదిక, నల్లజాతి, ఆసియా శిశువుల్లో కామెర్లను కంటితో గుర్తించే పద్ధతులపై సందేహాలు లేవనెత్తింది. అక్కడి ఆస్పత్రుల్లో తెలుగు కుటుంబాల బిడ్డలూ పుడుతున్నారు, తెలుగు నర్సులూ పనిచేస్తున్నారు.

చూపు, కొలత

కామెర్లు తల నుంచి కాళ్ల వైపు దిగుతాయని 1969లో అమెరికన్ డాక్టరు లాయిడ్ క్రేమర్ వివరించారు. ముందు ముఖం, తర్వాత ఛాతీ, పొట్ట, తొడలు, చివరికి అరచేతులు, అరికాళ్లు. అంత కిందికి దిగితే బిలిరుబిన్ 15 మిల్లీగ్రాములు దాటిందని లెక్క. ఈ మెట్ల పటం వీడియోలకు చక్కగా సరిపోతుంది. యానిమేషన్‌లో పసుపు రంగు నీళ్లలా కిందికి జారుతుంటే ఎవరికైనా గుర్తుండిపోతుంది.

గుర్తుండిపోవడమే ఇక్కడ ఇబ్బంది కూడా. ఒకే బిడ్డను చూసి అనుభవజ్ఞులైన డాక్టర్లు, నర్సులు వేర్వేరు అంచనాలకు వచ్చిన దాఖలాలు 2000 నాటి పరిశోధనల్లోనే ఉన్నాయి. ముఖ్యంగా ముదురు రంగు చర్మంపై కంటి అంచనా పొరబడుతుందని అమెరికన్ శిశువైద్యుల అకాడమీ 2004 మార్గదర్శకాల్లోనే హెచ్చరించింది. 2022లో మరో అడుగు ముందుకేసి, ప్రతి శిశువుకూ పుట్టిన 24 నుంచి 48 గంటల మధ్య, లేదా అంతకుముందే ఇంటికి పంపుతుంటే పంపే ముందు, బిలిరుబిన్ కొలవాలని సిఫారసు చేసింది.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రతి బిడ్డకూ అలా కొలవడం ఇంకా దూరపు మాటే. సూది గుచ్చకుండా చర్మంపై ఆనించి చూసే మీటరు 1980లోనే జపాన్‌లో రూపుదిద్దుకున్నా దాని ఖరీదు దాన్ని పెద్ద ఆస్పత్రులకే పరిమితం చేసింది. చవక మార్గాలు లేకపోలేదు. ముక్కు కొసపై నొక్కి, పసుపు చారలతో పోల్చి చూసే పారదర్శక పట్టీని 1960లోనే బ్రిటన్‌లో వర్ణించారు. దాని కొత్త రూపాన్ని అమెరికా, బంగ్లాదేశ్‌లలోని శిశువులపై పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పట్టీ కచ్చితమైన అంకె చెప్పకపోవచ్చు. ఎవరికి రక్తపరీక్ష కావాలో మాత్రం చెబుతుంది.

ఏ పరికరమూ లేని చోట నర్సుకు మిగిలేది గడియారం, అరికాళ్లు. పసిపిల్లల జబ్బులపై మన దేశంలో అమల్లో ఉన్న ఐఎంఎన్‌సీఐ విధానం సూటిగా ఉంటుంది. పుట్టిన 24 గంటల్లోపు కామెర్లు కనిపించినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, 14 రోజులు దాటినా కామెర్లు పోకున్నా తీవ్రమైనవిగా భావించి వెంటనే పెద్దాస్పత్రికి పంపాలి. మొదటి రోజు కామెర్ల వెనక తల్లీబిడ్డల రక్త గ్రూపులు పడకపోవడం వంటి కారణం ఉండవచ్చు. అప్పుడు బిలిరుబిన్ గంటగంటకూ పెరుగుతుంది. రెండు వారాలు దాటినవాటి వెనక పైత్యరస నాళాలు మూసుకుపోయే జబ్బు ఉండవచ్చు. దానికి చేసే కసాయ్ శస్త్రచికిత్స మొదటి రెండు నెలల్లో జరిగితే ఫలితాలు మెరుగు. ఆ బిడ్డ మలం పాలిపోయి సుద్దలా ఉంటుంది. తైవాన్ 2004లో దేశమంతటా తల్లులకు మలం రంగుల కార్డు అందించి ఈ జబ్బును ముందుగా పట్టుకోగలిగింది. అక్కడ తల్లి చేతికి ఇచ్చిన కొలబద్ద కూడా అచ్చు వేసిన కార్డే.

కాబట్టి మంచి వీడియో పాఠం అడగాల్సిన ప్రశ్న 'ఈ బిడ్డ ఎంత పచ్చగా ఉంది' అని కాదు. 'ఈ బిడ్డ పుట్టి ఎన్ని గంటలైంది, పాలు తాగుతోందా, ఇప్పుడు నువ్వేం చేస్తావు' అని. బిడ్డను చూపి, వీడియో ఆపి, ప్రతి విద్యార్థి చేతా అంచనా రాయించి, ఆ తర్వాతే రక్తపరీక్ష అంకె చూపిస్తే చాలు. తన కన్ను ఎంత పొరబడుతుందో ఎవరికి వారికే తెలిసొస్తుంది. తర్వాత వార్డులో అదే పద్ధతి కొనసాగించవచ్చు. నమూనా రక్తం ల్యాబ్‌కు వెళ్లే ముందు అంచనా, రిపోర్టు వచ్చాక పోలిక. దీనికి అదనపు ఖర్చేమీ లేదు, ఒక నోటు పుస్తకం తప్ప.

తల్లికి చెప్పే మాట

మామూలు కామెర్లు రెండో మూడో రోజున కనిపించి, మూడు నుంచి ఐదు రోజుల మధ్య పతాక స్థాయికి చేరుతాయి. సాధారణ కాన్పు అయిన తల్లి అప్పటికే ఇల్లు చేరుతుంది. 3, 7, 14 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూడాలన్న నియమం అందుకే. అయినా బిడ్డను గంటగంటా చూసేది తల్లే. కనుక డిశ్చార్జి వేళ నర్సు చెప్పే ఐదు నిమిషాల మాటకు ఒక్కోసారి నీలి దీపమంత విలువ ఉంటుంది. దిగుమతి వీడియోలు తడబడేది సరిగ్గా ఇక్కడే. బి.ఎస్‌సి. నర్సింగ్ చదువు ఆంగ్లంలో. వీడియోలు ఎక్కువగా ఆంగ్లంలో, కొన్ని హిందీలో. తల్లి మాట్లాడేది తెలుగో, ఉర్దూవో, గోండీవో.

'పచ్చగా ఉంటే తీసుకురా' అంటే సరిపోదు. పసుపు కొమ్ము రంగు అని చెప్పాలి. బిడ్డను పగలు కిటికీ దగ్గరికి తెచ్చి, బట్టలు విప్పి, పసుపు రాయకముందే అరికాళ్లు చూడమనాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు తల్లిపాలు పట్టాలి. బిలిరుబిన్ ఎక్కువగా మలంతోనే బయటికి పోతుంది కాబట్టి పాలు తగ్గితే కామెర్లు పెరుగుతాయి. తేనె, చక్కెర నీళ్లు, గ్లూకోజ్ నీళ్లు ఆ పని చేయలేవు; పైగా పాలకు ఉండాల్సిన ఆకలిని చంపేస్తాయి. ఆకు పసర్ల జోలికి అసలే పోకూడదు.

మన ఇళ్లలో మరో అలవాటు ఉంది. పెద్దబిడ్డ బట్టలు ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచి, చిన్నబిడ్డకు తొడుగుతారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువుకు ఆ ఉండల ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు గబగబా విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఎవరికుందో ముందే తెలియదు. కాబట్టి ఆ బట్టలు అసలు తొడగకపోవడమే క్షేమం. ఇలాంటి సంగతి విదేశీ వీడియోలో వెతికినా దొరక్కపోవచ్చు. ఇక్కడి వార్డులో, ఇక్కడి టీచరు తీసిన రెండు నిమిషాల వీడియోలో చోటు చేసుకోగలదు.

ఎండ మాటేమిటి? సిస్టర్ వార్డ్ చేసింది అదే కదా అనిపించవచ్చు. కానీ ఎండలో నీలి కాంతితో పాటు చర్మానికి హాని చేసే అతినీలలోహిత కిరణాలూ, వేడీ ఉంటాయి. మోతాదు ఎవరి చేతిలోనూ ఉండదు. నైజీరియాలో ఎండనే చికిత్సగా పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించిన పరిశోధకులు ఆ కిరణాలను వడకట్టే ప్రత్యేక పందిళ్లు వేసి, పిల్లల ఒంటి వేడిని కనిపెడుతూ ఆ పని చేశారు. పెరట్లో పది నిమిషాల లేత ఎండ దానికి సాటి రాదు. దానివల్ల జరిగే పెద్ద నష్టం, చికిత్స జరుగుతోందన్న భ్రమతో రెండు రోజులు గడిచిపోవడం.

వీడియోలు కావాలి. మరిన్ని కావాలి. పగటి వెలుతురులో, చామనఛాయ పిల్లలతో, ఫ్రేములో రంగుల కార్డుతో, తెలుగు మాటలతో తీసినవి కావాలి. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, బిడ్డ ఎవరో తెలియకుండా తీసినవి కావాలి. వాటిని చూసిన ప్రతి విద్యార్థీ ఆ వారంలోనే ఒక నిజమైన బిడ్డను, ఒక నిజమైన అంకెతో పోల్చి చూడాలి. అంచనా వేయడం తెలిసిన నర్సులు మనకు చాలామందే ఉన్నారు. 'నా కన్ను చాలదు, రక్తం పంపుదాం' అని రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరును నిద్రలేపే ధైర్యం ఉన్నవారు ఇంకా ఎక్కువమంది తయారుకావాలి.